క్లస్టర్‌లో వంతు రాదు, క్లౌడ్ బిల్లు తమ్ముడి మీద పడింది

ప్రశ్న

కోనసీమలో వైనతేయ ఒడ్డునున్న ఒక ఊరి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, విశ్వవిద్యాలయం పేరు బయటపెట్టవద్దని కోరినందున గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ తీసివేసి, లెక్కలను మాత్రం ఆమె రాసినవి రాసినట్టే ఉంచి సారాంశం ఇస్తున్నాను.

ఆమె పీహెచ్‌డీలో చేరి నాలుగేళ్లు దాటింది. గోదావరి పెద్ద వరదతో ఉన్నప్పుడే తుఫాను వల్ల సముద్రం కూడా పొంగితే, ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్యనున్న లంకల్లోనూ ఊళ్లలోనూ నీరు ఎక్కడ ఎంత లోతున నిలుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె అంశం. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు వాళ్ల ఇంటి అరుగు మీదికి నీళ్లెక్కాయట. ఈ అంశాన్ని ఖాయం చేసుకోవడానికి అదే కారణమని రాశారు. డెల్టా నేలంతటినీ 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి, వరద స్థాయి, ఉప్పెన ఎత్తు, పోటు సమయం మార్చి మార్చి 40 సందర్భాలకు లెక్క నడపాలన్నది ప్రణాళిక. ఫోర్ట్రాన్‌లో రాసిన పాత ప్రోగ్రామును, పనిని పంచిపెట్టే ఎంపీఐ అనే పద్ధతితో చాలా కోర్ల (ప్రాసెసర్లో విడివిడిగా లెక్క చేసే భాగాల) మీద ఒకేసారి నడుపుతారు. ఒక సందర్భానికి లెక్క మొదటి నుంచి చివరి దాకా నడపడం ఒక రన్. 48 కోర్ల మీద ఒక్కో రన్‌కు 62 గంటలు పడుతుంది.

విభాగంలో ఉన్నది 8 నోడ్ల క్లస్టర్, అంటే ఎనిమిది కంప్యూటర్లను కలిపి అందరూ వాడుకునే ఏర్పాటు, మొత్తం 192 కోర్లు. వాడుకునేవారు 14 మంది. ఆమె జాబ్ (నడపవలసిన పని) వేస్తే వంతు రావడానికి తొమ్మిది పది రోజులు పడుతోంది; ఒక సీనియర్ జాబులు ఎప్పుడు చూసినా ముప్పైకి తక్కువ కాకుండా క్యూలో ఉంటాయి. వంతు వచ్చి నడుస్తున్న ఒక రన్, 55వ గంటలో కరెంటు పోయి మొదటికి వచ్చింది. గైడు గారికి చెప్పుకుంటే "ఓపిక పట్టమ్మా" అన్నారు. వేరే సంస్థ మిషన్ అడుగుదామంటే "మన డేటా బయటికి పోనివ్వను" అన్నారు.

విసిగిపోయి, సంక్రాంతి ముందు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి క్రెడిట్ కార్డు పెట్టి క్లౌడ్‌లో ఒక మిషన్ అద్దెకు తీసుకున్నారు. జీపీయూ అనే ప్రత్యేక ప్రాసెసర్ ఉంటే వేగం అని ఎవరో చెప్పినందున, నాలుగు జీపీయూలు, 48 వీసీపీయూలు ఉన్నదాన్ని గంటకు సుమారు 430 రూపాయల లెక్కన ఎంచుకున్నారు. రెండు రన్లు ఒకదాని వెనక ఒకటి పెట్టి ఊరికి వెళ్లారు. ఒక్కోటి 80 గంటల్లో పూర్తయింది. పండుగ, ఆ వెంటనే బంధువుల ఇంట పెళ్లి ముగించుకుని తిరిగి వచ్చేసరికి 11 రోజులు గడిచాయి, మిషన్ ఆపలేదు. పన్నుతో కలిపి 1,38,000 చిల్లర బిల్లు వచ్చింది. తమ్ముడు కనీస మొత్తం మాత్రం కట్టి నెట్టుకొస్తున్నాడు. నాన్నగారికి తెలియదు, గైడు గారికీ తెలియదు.

ఫెలోషిప్ ఇంకా తొమ్మిది నెలలే ఉంది. సీనియర్ అన్నయ్య తన లాగిన్, పాస్‌వర్డ్ ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? అమ్మ బంగారం కుదువపెట్టి మళ్లీ క్లౌడ్‌కే వెళ్లాలా? 40 సందర్భాలను పదికి తగ్గించి థీసిస్ ముగించాలా? గైడుకు చెప్పకుండా వేరే సంస్థకు రాయాలా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో ఒక వాక్యం: రెండు రన్ల ఫలితాలు, 1.8 టెరాబైట్లు, ఇంకా క్లౌడ్ డిస్కులోనే ఉన్నాయట. తుడిచేయడానికి చేయి రావడం లేదట.

సమాధానం

అమ్మా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నలూ "ఎక్కడ నడపాలి" అన్న ఒక్క విషయం చుట్టూనే తిరుగుతున్నాయి. పాతికేళ్లు ఒక కంప్యూటర్ కేంద్రం నడిపి, వంతు రాలేదని వచ్చినవారి ముఖాలు రోజూ చూసినవాణ్ని కనుక, నా చూపు ముందుగా "ఎంత నడపాలి" అన్నదాని మీదికి పోయింది. దానికి కావలసిన సంఖ్యలన్నీ మీరే రాశారు, కానీ వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. ముందు ఆ పని చేద్దాం.

మీ ప్రణాళిక ప్రకారం ఒక్కో రన్‌కు 48 కోర్లు, 62 గంటలు, అంటే 2,976 కోర్ గంటలు. నలభై రన్లకు 1,19,040. మీ క్లస్టర్ నెలంతా ఒక్క నిమిషం ఆగకుండా తిరిగినా ఇవ్వగలిగేది 1,38,240 కోర్ గంటలు. దాన్ని 14 మందికి సమానంగా పంచితే మీ వాటా నెలకు 9,874. ఆ లెక్కన మీ పని పూర్తి కావడానికి పన్నెండు నెలలు పడుతుంది; మీ చేతిలో ఉన్నవి తొమ్మిది. కనుక సీనియర్ తన ముప్పై జాబులూ రేపే తీసేసినా, గైడు గారు మీ పక్షానే నిలబడినా, న్యాయమైన వాటాలో మీ ప్రణాళిక ఇమడదు. ఈ మాట మీకు బాధ కలిగించవచ్చు గాని, ఇన్నాళ్లూ మనుషుల మీద మోపిన బరువులో కొంత లెక్క మీదికి మారుతుంది. లెక్కను మార్చుకోవడం మనుషులను మార్చడం కంటే సులువు.

ఇప్పుడు క్లౌడ్ మిషన్ సంగతి. మీరు తీసుకున్న 48 వీసీపీయూలు 48 కోర్లు కావు. అలాంటి మిషన్లలో సాధారణంగా ఒక్కో అసలు కోరును రెండుగా చూపించి వీసీపీయూలుగా లెక్కపెడతారు. అంటే మీకు దక్కినవి 24 కోర్లు. నాలుగు జీపీయూలు మాత్రం పదకొండు రోజులూ ఖాళీగా కూర్చున్నాయి, ఎందుకంటే మామూలు ప్రాసెసర్ (సీపీయూ) కోసం రాసిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాము పక్కన జీపీయూ ఉన్నంత మాత్రాన దాన్ని తాకదు. అందుకోసం ప్రోగ్రామునే తిరగరాయాలి. జీపీయూ లేని అదే పరిమాణపు మిషన్ సగం కంటే తక్కువ అద్దెకు దొరికేది. అయినా ఆ డబ్బు మొత్తం వృథా అయిందని నేననను. 24 కోర్ల మీద మీ రన్ 80 గంటల్లో పూర్తయిందన్న కొలత దానివల్లే మీ చేతికి వచ్చింది. ఖరీదైన కొలతే, కానీ మీ థీసిస్‌కు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

24 కోర్లకు 80 గంటలు, 48 కోర్లకు 62 గంటలు. కోర్లు రెట్టింపు చేస్తే సమయం సగం కావాలి గదా, 18 గంటలు మాత్రమే తగ్గింది. కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: ఏ పనిలోనైనా పంచుకోగలిగిన భాగం, పంచుకోలేని భాగం అని రెండుంటాయి, కోర్లు పెంచితే తగ్గేది మొదటిది మాత్రమే. మీ రెండు సంఖ్యలను ఆ సూత్రంలో పెడితే, ఎన్ని కోర్లు ఇచ్చినా తగ్గని భాగం 44 గంటలని తేలుతుంది. వెయ్యి కోర్ల మీద నడిపినా మీ రన్ 44 గంటల లోపు రాదు. రెండు మిషన్ల వేగాలు ఒకటి కావు కనుక ఈ 44ను అక్షరాలా తీసుకోకండి, మీ క్లస్టర్ మీదే 12, 24, 48 కోర్లతో చిన్న రన్లు పెట్టి మళ్లీ కొలవండి. కానీ దోషి ఎవరో మీ ఉత్తరమే పట్టిస్తోంది: రెండు రన్లకు 1.8 టెరాబైట్లు. ప్రతి ఐదు నిమిషాలకూ డెల్టాలోని ప్రతి గడిలోనూ లోతు, వేగం రాయిస్తున్నారని అనుకుంటున్నాను, బహుశా ఒకే ప్రాసెస్ చేత. మిగిలిన 47 కోర్లూ, తినడం ముగిసినా పెద్దాయన లేవలేదని కూర్చుండిపోయిన భోజనాల బంతిలా, ఆ ఒక్కటి రాయడం ముగించే దాకా ఎదురు చూస్తుంటాయి. మీ థీసిస్‌కు కావలసింది గరిష్ఠ లోతు పటం, నీరు చేరిన సమయం, ఒక యాభై చోట్ల గంటగంటకూ నీటి మట్టం. అంతే రాయించి ఒక రన్ పెట్టి చూడండి. నా అనుమానం నిజమైతే ఆ ఒక్క మార్పుతోనే మీ గంటలు చాలా తగ్గుతాయి.

నా అనుమానం తప్పే అనుకుందాం, ఒక్క గంటా తగ్గలేదనుకుందాం. అప్పుడు కూడా 24 కోర్లతో నడిపితే ఒక్కో రన్‌కు 1,920 కోర్ గంటలే అవుతాయి, 2,976 కాదు. ఒక్కో రన్ కాస్త ఆలస్యంగా ముగుస్తుంది, కానీ మీకు కావలసింది ఒక్క రన్ త్వరగా ముగియడం కాదు, నలభై రన్లూ ముగియడం. ఈ తేడా తెలియక పెద్ద మిషన్ల వెంట పడి అలసిపోయిన పరిశోధకులను నేను చాలామందిని చూశాను.

ఇక గళ్ల సంగతి. గడిని 30 మీటర్ల నుంచి 60కి పెంచితే గళ్ల సంఖ్య నాలుగో వంతుకు తగ్గుతుంది. లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయాన్ని కాలపు అంగ అంటారు; ఒక్క అంగలో అల ఒక గడిని మించి పోకూడదని గణితజ్ఞులు కోరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లోనే చూపిన నియమం ప్రకారం దాన్ని కూడా రెట్టింపు చేసుకోవచ్చు. పది మీటర్ల లోతు నీటిలో అల సెకనుకు సుమారు పది మీటర్లు పోతుంది కనుక 30 మీటర్ల గడికి మూడు సెకన్ల అంగ దాటకూడదు, 60 మీటర్ల గడికి ఆరు దాకా పోవచ్చు. మొత్తం మీద పని ఎనిమిదో వంతు, అంటే రన్‌కు 240 కోర్ గంటలు. నలభై సందర్భాలనూ 60 మీటర్ల గళ్ల మీద నడిపితే 9,600. అందులో నిజంగా ప్రమాదకరమని తేలిన ఎనిమిదింటిని మాత్రం 30 మీటర్ల మీద మళ్లీ నడిపితే 15,360. రెండూ కలిపి 24,960 కోర్ గంటలు. పద్నాలుగు మందిలో ఒకరిగా మీకు దక్కే సమాన వాటాలోనే ఇది రెండున్నర నెలల పని.

పన్నెండు నెలల పని రెండున్నరకు దిగిందంటే ఏదో ఒకటి వదులుకుని ఉండాలని మీకు సందేహం రావాలి, వస్తే మంచిదే. మన డెల్టాలో వదులుకునేది ఏటిగట్టును. కొద్ది మీటర్ల వెడల్పున్న గట్టు తల 60 మీటర్ల గడి సగటులో కరిగిపోతుంది, కంప్యూటర్‌లోని గోదావరి గట్టు లేని చోట నుంచి వచ్చినట్టు ఊళ్లోకి నడిచి వస్తుంది. నిజానికి 30 మీటర్లలోనూ జరిగేది అదే, మీరు గమనించి ఉండకపోవచ్చు. అందుచేత ఏటిగట్లను, పెద్ద కాలువ గట్లను, ఎత్తుగా వేసిన రోడ్లను గడి ఎత్తులో కలపకుండా, తల ఎత్తుతో సహా విడి గీతలుగా ప్రోగ్రాముకు ఇవ్వాలి. ఇందుకు రెండు మూడు వారాలు చేతిపని ఉంటుంది, క్యూ ఎంత పొడవున్నా ఆ పని ఆగదు. రెండో సంగతి నేల ఎత్తు. మీరు ఏ ఎత్తుల పటం వాడుతున్నారో రాయలేదు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం పటమే అయితే, దానికి నిర్దేశించుకున్న నిలువు కచ్చితత్వమే 16 మీటర్ల లోపు. పైగా కొబ్బరి తోట ఉన్నచోట అది నేలను కాక చాలావరకు మట్టల ఎత్తును చూపిస్తుంది. సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లకు అలాంటి పటం మీద ఎంత చిన్న గళ్లు వేసినా ఫలితం మెరుగుపడదు. మౌఖిక పరీక్షలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న కోర్ల గురించి రాదు, దీని గురించే వస్తుంది.

ఎత్తుల మాట వచ్చింది కనుక నలభై సందర్భాల మాట కూడా. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 వరద ఆగస్టు మధ్యలో వచ్చింది. 1996 తుఫాను మన తీరాన్ని తాకింది నవంబరు 6న. గోదావరి వరద కాలం జూలై నుంచి సెప్టెంబరు దాకా, మన తీవ్ర తుఫానుల కాలం ఎక్కువగా అక్టోబరు నుంచి. ఆగస్టు వరదకూ నవంబరు ఉప్పెనకూ పెళ్లి చేసి లెక్క నడపడం తప్పు కాదు, అంతకు మించి రాదన్న పై హద్దుగా ఒకటి రెండు ఉండవచ్చు. కానీ మీ నలభైలో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. పదిహేను ఉంటే, వాటిలో పదమూడు తీసేయడం పని తగ్గించుకోవడం అనిపించుకోదు, ఆలోచించి చేసిన ఎంపిక అవుతుంది. మీ మూడో ప్రశ్నకు నా సమాధానం ఇదే: సమయం లేదని పదికి తగ్గిస్తే పరీక్షకుల ముందు సంజాయిషీ చెప్పుకోవాలి, కాలాల లెక్కతో ఇరవై ఏడుకు తగ్గిస్తే అది థీసిస్‌లో ఒక అధ్యాయానికి తొలి పేజీ అవుతుంది.

ఇప్పుడు క్యూ. దాళ్వా (రెండో పంట వరి)కు నీరు చాలని ఏడు వంతులవారీగా వదలడం మీకు చెప్పనక్కరలేదు. ఎగువ రైతు తన తూము మూస్తే తప్ప శివారుకు నీరు దిగదు, ఎగువ రైతు దుర్మార్గుడు కానక్కరలేదు, అడిగేవాడు లేకపోతే ఎవరి తూమైనా తెరిచే ఉంటుంది. మీ సీనియర్ ముప్పై జాబులూ అలాంటివే. చాలా క్లస్టర్లలో జాబులకు వంతులు వేసేది స్లర్మ్ అనే ప్రోగ్రాము. ఈ మధ్య ఎక్కువ వాడుకున్నవారి ప్రాధాన్యం తగ్గించి తక్కువ వాడుకున్నవారిని ముందుకు తెచ్చే ఫెయిర్‌షేర్ ఏర్పాటు దానిలోనే ఉంది, ఒక మనిషికి ఒకేసారి ఇన్ని కోర్లు మించకూడదన్న హద్దు పెట్టే వీలూ ఉంది. మీ విభాగంలో అవి అమర్చకుండా, ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో వదిలేసినట్టున్నారు. అమర్చడానికి ఒక పూట పని, డబ్బు ఖర్చు లేదు. దాన్ని మీరొక్కరూ అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది. క్యూలో వెనకబడి ఉన్న మరో ముగ్గురు నలుగురితో కలిసి, గత మూడు నెలల్లో ఎవరెంత వాడారో స్లర్మ్ ఇచ్చే లెక్క కాగితం మీద పెట్టి, విభాగాధిపతిని కాక ముందు క్లస్టర్ చూసుకునే వ్యక్తిని అడగండి. ఆయన లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు లాంటివాడు. ఆయనను కాదని పైకి వెళ్తే పని జరిగినా తలుపు సరిగ్గా ఎత్తడు.

మీవైపు సర్దుకోవలసినవి కూడా ఉన్నాయి. 62 గంటల పనికి మీరు ఎంత గడువు అడుగుతున్నారో రాయలేదు, కానీ భయం కొద్దీ గరిష్ఠ గడువు ఏడు రోజులూ అడగడం అందరూ చేసేదే. పెద్ద జాబులకు చోటు కుదిరే దాకా మధ్యలో మిగిలే ఖాళీల్లో చిన్న జాబులను స్లర్మ్ దూరుస్తుంది, ఏడు రోజులు అడిగిన జాబు ఏ ఖాళీలోనూ దూరదు. 24 కోర్లు, ఇరవై గంటలు అడిగే ముక్కలుగా మీ రన్‌ను విడగొట్టి, ప్రతి ముక్క చివరా అప్పటి స్థితిని ఫైలుగా దాచి, తర్వాతి ముక్కను అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఇలాంటి ప్రోగ్రాములు చాలావాటిలో ఈ చెక్‌పాయింట్ సౌకర్యం ముందే ఉంటుంది, సెట్టింగుల ఫైలులో ఒక వరుస మార్చితే చాలు. అప్పుడు 55వ గంటలో కరెంటు పోయినా పోయేది 15 గంటలే. ఎండాకాలం రాబోతోంది, ఇది ముందు చేయండి. దాచిన ఫైళ్లు స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వలోనే వదలకండి. నెల దాటిన స్క్రాచ్ ఫైళ్లను తుడిచే స్క్రిప్టు మా కేంద్రంలో నేనే రాశాను, దానికి మొదట బలైనవి నా సొంత ఫైళ్లే.

సీనియర్ లాగిన్ తీసుకోకండి. ఆయన మంచి మనసుతోనే ఇస్తుండవచ్చు. కానీ మీ రన్లు ఆయన పేరు మీద నడిస్తే, ఆయన ఎక్కువ వాడుతున్నాడన్న లెక్కలో మీ వాడకం కూడా చేరిపోతుంది, రేపు మీరు అడగబోయే ఫెయిర్‌షేర్ వాదనకు మీరే అడ్డం వస్తారు. ఆయన పొరపాటున ఒక ఫోల్డర్ తుడిస్తే మీ ఫలితాలు పోతాయి, మీరు తుడిస్తే ఆయనవి పోతాయి. పాస్‌వర్డ్ పంచుకోవడం దాదాపు ప్రతి కేంద్రంలోనూ నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే ఇద్దరి ఖాతాలూ ఆగుతాయి, తొమ్మిది నెలల గడువున్నది మీకు. ఆయనకు చెప్పవలసింది ఒకటే: "అన్నయ్యా, లాగిన్ వద్దు, ఆదివారం రాత్రుళ్లు రెండు నోడ్లు వదలండి చాలు." ఇలా అడిగితే కాదనేవారు తక్కువ.

బయటి సంస్థ మిషన్ గురించి. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద దేశంలో చాలాచోట్ల పెద్ద యంత్రాలు పెట్టారు. మనకు దగ్గరలో ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవ, బెంగళూరు ఐఐఎస్సీలో 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ ఉన్నాయి (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు ఒక టెరాఫ్లాప్, వెయ్యి టెరాఫ్లాప్‌లు ఒక పెటాఫ్లాప్). ఇలాంటి వాటిని బయటి పరిశోధకులు వాడుకునే ఏర్పాటు ఉంది, అయితే దరఖాస్తు గైడు పేరు మీద, సంస్థ ముద్రతో వెళ్లాలి. కనుక గైడుకు చెప్పకుండా రాయడమన్న మీ నాలుగో ఆలోచన తప్పొప్పుల మాట అటుంచి, ముందుకే సాగదు. రుసుము ఎంతో, ఎన్ని కోర్ గంటలు ఇస్తారో దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఖాతా రావడానికి, ప్రోగ్రాము అక్కడ మళ్లీ కంపైల్ చేసుకోవడానికి వారాలు పడతాయి. మీ అవసరం 24,960కి దిగాక ఇది తప్పనిసరి కాదు, కానీ ఎనిమిది పెద్ద రన్లకు మంచి దారి.

గైడు గారి భయాన్ని కొట్టిపారేయకండి. "డేటా బయటికి పోనివ్వను" అన్నదానిలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఇంకొకరు మన ఫలితం ముందే ప్రచురిస్తారేమోనన్నది ఒకటి. ఇతరుల ఖాతాల నుంచి మీ ఫైళ్లు కనబడకుండా అనుమతులు పెట్టుకుంటే దానికి సమాధానం దొరుకుతుంది. రెండోది నిజంగా చట్టం వైపుది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన కచ్చితత్వం గల డేటాను దేశంలోనే నిల్వచేసి, దేశంలోనే లెక్కించాలి. మీ దగ్గర సర్వే చేయించిన గట్టు ఎత్తులుంటే అవి ఈ హద్దులోకి రావచ్చు. ఐఐటీ యంత్రమైతే ఆ చిక్కే లేదు. మీరు సంక్రాంతికి తీసుకున్న క్లౌడ్ మిషన్ మాత్రం ఏ దేశంలో ఉందో ఈ రోజే చూడండి. ముంబయిలోనో హైదరాబాద్‌లోనో అయితే నిశ్చింత. సింగపూరో అమెరికానో అయి, అందులో సర్వే ఎత్తులు ఉంటే, గైడు గారితో మాట్లాడడం ఇక మీ ఇష్టాయిష్టాల మీద ఉండదు.

బంగారం కుదువపెట్టే ఆలోచనకు మీ సంఖ్యలే బదులిస్తాయి. పాత ప్రణాళికను అదే మిషన్ మీద నడిపితే 40 రన్లు, 80 గంటలు, 430 రూపాయలు. పన్ను కాక 13,76,000. ఏ ఇంట్లో ఆ బంగారం ఉంటుంది చెప్పండి. క్లౌడ్ చెడ్డదని కాదు. వారం రోజుల్లో ఫలితం కావలసినప్పుడు, మీ దగ్గర లేని రకం మిషన్ ఒక్కరోజు కావలసినప్పుడు దానికి మించినది లేదు. చెక్‌పాయింట్ ఉన్న ప్రోగ్రామైతే, మిగిలిపోయిన మిషన్లను బాగా తక్కువ ధరకు ఇచ్చే స్పాట్ పద్ధతి వాడుకోవచ్చు, రెండు నిమిషాల హెచ్చరికతోనో అంతకంటే తక్కువతోనో వెనక్కు తీసేసుకుంటారు, అంతే. అయితే ఖాతా సంస్థ పేరునో ప్రాజెక్టు పేరునో ఉండాలి, మీ ఇంటి కార్డు మీద కాదు. పెద్ద క్లౌడ్ కంపెనీలు పరిశోధకులకు క్రెడిట్లు ఇచ్చే పథకాలు నడుపుతున్నాయి, వాటికీ గైడు సంతకంతో దరఖాస్తు చేయవచ్చు. ఇండియాఏఐ మిషన్ రాయితీతో ఇచ్చే జీపీయూల గురించి కూడా ఎవరో మీకు చెప్పే ఉంటారు. జీపీయూను తాకని ప్రోగ్రాముకు రాయితీ జీపీయూ అయినా ఖాళీగానే ఉంటుంది. ఇంకొక మాట: బడ్జెట్ హెచ్చరిక పెట్టుకుంటే మిషన్ దానంతట అదే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అది మెయిల్ పంపుతుంది, అంతే, ఫ్యూజులా తెగదు. జాబు స్క్రిప్టు చివరి వరుసలోనే మిషన్‌ను ఆపే ఆదేశం రాయాలి. మీ బిల్లులో చివరి నాలుగు రోజులు ఆ ఒక్క వరుస లేకపోవడం వల్ల పడ్డవి.

ఇక ఆ అప్పు. క్లౌడ్ కంపెనీ సహాయ విభాగానికి ఈ వారమే రాయండి: విద్యార్థిని, మొదటిసారి, మిషన్ ఖాళీగా ఉందని వాళ్ల వాడకపు గ్రాఫే చూపుతుంది, జీపీయూ అసలు వాడలేదు, కొంత మాఫీ చేయగలరా. ఇది హక్కు కాదు, కానీ మొదటి పొరపాటుకు తగ్గించిన సందర్భాలు ఉన్నాయి. కనీస మొత్తం మాత్రం కడుతూ పోతే కార్డు వడ్డీ నెలకు మూడు శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. తమ్ముడి చేత బ్యాంకుకు ఫోన్ చేయించి మొత్తాన్ని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్పించండి. ఆ వాయిదాలో మీ ఫెలోషిప్ నుంచి ఎంత ఇస్తారో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి, నేను తీర్పు చెప్పను. గైడు గారికి మాత్రం చెప్పడమే మేలని నా అభిప్రాయం. కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకిచ్చే నిధి) కింద కొంత తిరిగి రావడానికి వీలుందా అని అడగగలిగేది ఆయన ద్వారానే, బిల్లు తమ్ముడి పేరున ఉన్నందున ఆశ తక్కువ పెట్టుకోండి. పైగా 24 కోర్ల కొలత ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన తప్పక అడుగుతారు. కోప్పడవచ్చు. కోర్ గంటల లెక్క, రెండు సంఖ్యల పోలిక, తగ్గించిన ప్రణాళిక ఒక్క పేజీలో చేతికిచ్చి ఆ తర్వాత చెబితే, కోపం ఆ పేజీ చదివేలోపు కొంత చల్లారుతుంది.

తొమ్మిది నెలల గురించి కూడా ఒక మాట. ఫెలోషిప్ ముగిసే తేదీ వేరు, రిజిస్ట్రేషన్ ముగిసే తేదీ వేరు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. డబ్బు ఆగుతుందన్న ఆందోళన నిజమే, పట్టా పోతుందన్న భయం మాత్రం అక్కరలేదు. మీ ఉత్తరంలో ఆ రెండూ కలిసిపోయి కనిపించాయి.

మిగిలింది ఆ 1.8 టెరాబైట్లు. మిషన్ ఆపినా డిస్కు అద్దె ఆగదు. వచ్చే బిల్లులో స్టోరేజీ వరుస చూస్తే తెలుస్తుంది. మొత్తం దించుకుందామంటే, బయటికి తీసే ప్రతి గిగాబైటుకూ రుసుము పడుతుంది, తొమ్మిది రూపాయలనుకున్నా పదహారు వేలు దాటుతుంది. అందుకని జీపీయూ లేని చిన్న మిషన్ ఒకటి రెండు మూడు గంటలకు తీసుకుని, ఆ డిస్కును దానికి తగిలించి, అక్కడికక్కడే గరిష్ఠ లోతు, నీరు చేరిన సమయం, యాభై చోట్ల మట్టాలు మాత్రం వేరుచేసి, ఆ కొద్ది గిగాబైట్లను దించుకోండి. వాటితోపాటు సెట్టింగుల ఫైలు, రన్ లాగ్ కూడా తెచ్చుకోండి, 80 గంటల కొలతకు సాక్ష్యం అదే. తర్వాత మిషన్, డిస్కు, వాటి నకళ్లు ఏవైనా ఉంటే అవీ తుడిచేసి, కార్డును ఖాతా నుంచి తీయించండి. మర్నాడు బిల్లు పేజీ తెరిచి, కొత్తగా ఏమీ పడలేదని చూసుకుని, ఆ తెర బొమ్మను తమ్ముడికి పంపండి.